గట్టు మీదే పాడవుతున్న శాంపిల్

సంపాదకుల వారికి నమస్కారం.

వనామీ రొయ్యల చెరువుల్లో జబ్బు ముదిరినప్పుడల్లా విడవలూరు, అల్లూరు మొదలుకొని కొత్తపట్నం, సింగరాయకొండ దాకా ఒక డిమాండ్ పైకొస్తుంది. జిల్లాకో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పెడితే రోగమేదో తేలిపోతుందని రైతులు అంటారు, నాయకులు తలూపుతారు, పేపర్లలో వార్త వస్తుంది. కణం లోపలి నిర్మాణాన్ని ఆ మైక్రోస్కోపు కింద చూసే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఈ విషయంలో నాలుగు మాటలు రాస్తున్నాం. ఉత్తరం పొడుగైంది. కుదరకపోతే చరిత్ర ముక్క తీసేయండి కానీ కొలతలు, పాళ్లు మాత్రం కత్తిరించవద్దని మనవి.

ఈ తీరం నుంచి బయటి ల్యాబులకు వెళ్లే రొయ్య శాంపిళ్లలో చాలావాటికి చేటు జరిగేది చెరువు గట్టు మీదే, వల పైకి తీసిన మొదటి పది నిమిషాల్లోనే. థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి చెన్నై బస్సెక్కించేసరికి కణం లోపల చూడదగ్గది ఏమీ మిగలదు. కోట్లు పోసి మెషీన్ తెచ్చి నెల్లూరు నడిబొడ్డున పెట్టినా, ఆ పెట్టెలోని రొయ్యనే దాని కింద పెడితే అదే చెడిపోయిన బొమ్మ వస్తుంది. కాకపోతే ఇంకాస్త త్వరగా వస్తుంది.

ఈ సైన్సు చరిత్ర కూడా ఇదే చెబుతుంది. జర్మనీలో ఎర్నెస్ట్ రస్కా, మాక్స్ నోల్ 1931లోనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు తొలి రూపం కట్టారు. అందుకు రస్కాకు నోబెల్ వచ్చింది 1986లో. కణం బొమ్మలు మాత్రం అంత త్వరగా రాలేదు. 1945లో కీత్ పోర్టర్, ఆల్బర్ట్ క్లాడ్, ఎర్నెస్ట్ ఫుల్లమ్ ప్రచురించిన ఫొటోలో ఉన్నది గాజు మీద పల్చగా పరుచుకుని పెరిగిన కోడి పిండం కణం. దాన్ని కోయలేదు, కోసే కత్తులు అప్పటికి లేవు. 1952లో జార్జ్ పలాడే ఆస్మియం టెట్రాక్సైడ్‌ను సరైన పీహెచ్‌లో వాడే పద్ధతి చెప్పాకే మైటోకాండ్రియా లోపలి మడతలు తేటగా కనిపించాయి. 1963లో డేవిడ్ సబటీని, క్లాస్ బెన్ష్, రస్సెల్ బార్నెట్ గ్లుటరాల్డిహైడ్‌తో ఫిక్స్ చేయడం, అంటే కణజాలాన్ని చెడకుండా ఉన్నదున్నట్టు బిగించి ఉంచడం నేర్పారు. మెషీన్ వచ్చిన 30 ఏళ్లకు గానీ శాంపిల్ సిద్ధం చేసే పద్ధతి కుదురుకోలేదన్నమాట. మనకు పనికొచ్చేది ఆ 1963 నాటి సంగతే. అంతకుముందు కణజాలాన్ని నేరుగా ఆస్మియంలో వేసేవారు. దాని ఆవిరి కంటి నల్లగుడ్డును దెబ్బతీస్తుంది, అలాంటిది చెరువు గట్టుకు తీసుకెళ్లే వస్తువు కాదు. గ్లుటరాల్డిహైడ్ అయితే తగిన జాగ్రత్తతో గట్టు మీద వాడొచ్చు. అందులో పడిన ముక్క ల్యాబుకు చేరేదాకా ఆగుతుంది.

రైతులు లివర్ అని పిలిచే హెపటోపాంక్రియాస్‌నే తీసుకుందాం, జబ్బు అనగానే అందరూ ముందు చూసేది దాన్నే కాబట్టి. అది సన్నని గొట్టాల గుత్తి. ఒక్కో గొట్టం గోడలో నాలుగు రకాల కణాలు ప్రధానంగా ఉంటాయి. గొట్టం కొసన విభజన చెందే ‘ఇ’ (E) కణాలు, ఎంజైములు తయారుచేసే ఎఫ్ కణాలు, పోషకాలు పీల్చి కొవ్వు దాచుకునే ఆర్ కణాలు, లోపల పెద్ద బుడగతో కనిపించే బి కణాలు. మామూలు మైక్రోస్కోపుకు 0.2 మైక్రాన్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకటిగానే కనిపిస్తాయి. అందువల్ల ఆర్ కణం పైఅంచు దానికింద ఒక మసక గీత మాత్రమే. సరిగా ఫిక్స్ అయిన ముక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే ఆ గీత విడిపోయి, ఒక్కోటి 0.1 మైక్రాన్ మందం ఉన్న వేళ్లలాంటి పొడుపులు వరసగా నిలబడి ఉంటాయి. ఇంకా పెద్దది చేస్తే ప్రతి పొడుపు చుట్టూ ఉన్న పొర కూడా రెండు నల్ల గీతలుగా, మధ్యలో తెల్లని సందుతో కనిపిస్తుంది. ఆ మూడూ కలిపి 7, 8 నానోమీటర్లే. పక్కపక్క కణాలు అతుక్కునే చోట, మనిషి కణాల్లో మామూలుగా కనిపించని ఒక అతుకు ఉంటుంది. రెండు పొరల మధ్య నిచ్చెన మెట్లలా అడ్డగీతలు సమాన దూరంలో వస్తాయి. ఆ మెట్లు తేటగా లెక్కపెట్టగలిగేట్టు ఉంటే ముక్క బాగా ఫిక్స్ అయినట్టే. మేము ముందు వెతికేది దాన్నే, జబ్బు సంగతి తర్వాత.

ఇక చచ్చిన రొయ్యలో జరిగేది చూడండి. ఆక్సిజన్ ఆగగానే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అడుగంటుతుంది. సోడియంను బయటికి తోసే పంపులు నిలిచిపోతాయి. సోడియం, దాని వెంట నీళ్లు లోపలికి వచ్చి మైటోకాండ్రియా ఉబ్బి లోపలి మడతలు కరిగినట్టు అవుతాయి. వాటిలో దూదిపింజల్లాంటి నల్లమచ్చలు తేలతాయి. ఎండోప్లాస్మిక్ రెటిక్యులం పొడవాటి సంచులు తెగి గుండ్రని బుడగలవుతాయి. కేంద్రకం చుట్టూ ఉండే రెండు పొరల మధ్య ఖాళీ పెరుగుతుంది. పై పొడుపులు ఊడి గొట్టంలో పడతాయి. ఏ కణానికైనా ఇవి తప్పవు. లివర్‌లో మాత్రం ఇవన్నీ మరీ తొందరగా జరుగుతాయి, ఎందుకంటే ఆ అవయవం పనే ప్రోటీన్లను అరిగించడం. దాని ఎంజైములు దాన్నే తినేస్తాయి. 30 డిగ్రీల నీటి నుంచి తీసిన రొయ్యలో ఇది నిమిషాల వ్యవహారం. మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రేలో చచ్చి తేలిన రొయ్య, క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షకు పనికి రావచ్చేమో కానీ ఈ పనికి మాత్రం కాదు.

అసలు చిక్కు ఏమిటంటే, చావు వల్ల వచ్చే ఈ మార్పులూ విషం వల్లనో రోగం వల్లనో వచ్చే మార్పులూ చూపుకు చాలావరకు ఒకేలా ఉంటాయి. ‘మైటోకాండ్రియా ఉబ్బి ఉన్నాయి, కణ నష్టం కనిపిస్తోంది’ అని రిపోర్టు వస్తుంది. దాన్ని పట్టుకుని రైతు మేత కంపెనీ మీదో హేచరీ మీదో పడతాడు. ఆ ఉబ్బు ఐసు పెట్టెలో వచ్చిందా చెరువులో వచ్చిందా అని అడిగే నాథుడుండడు. మేము మాత్రం ముక్కలో ఉబ్బు ఎక్కడెక్కడ ఉందో చూస్తాం. ప్రతి కణంలోనూ ఒకే తీరుగా ఉంటే చచ్చాక వచ్చిందని అనుమానిస్తాం. ముక్క అంచున బాగుండి లోపలికి పోయేకొద్దీ పెరిగితే ముక్క లావుగా కోశారని అర్థం. ఒక కణం నిక్షేపంగా ఉండి దాని పక్కదే దెబ్బతిని ఉంటే అప్పుడు జబ్బు మాట ఆలోచించాలి. అప్పుడు కూడా అదే ఊరి ఆరోగ్యమైన చెరువు నుంచి అదే రోజు, అదే పద్ధతిలో తీసిన మరో ముక్క పక్కన ఉంటేనే నోరు విప్పాలి. జత లేని శాంపిల్ మీద ఇచ్చే అభిప్రాయానికి విలువ తక్కువ.

ల్యాబులకు ఏమేం వస్తున్నాయో కూడా చెప్పాలి. అన్నిటికంటే ఎక్కువ వచ్చేది ఐసులో పెట్టిన రొయ్య. ఐసు చావును నిదానింపజేస్తుందే గానీ ఆపదు. ఫ్రీజర్లో గడ్డకట్టిస్తే ఇంకా దారుణం, మంచు స్ఫటికాలు కణమంతా తూట్లు పొడుస్తాయి. రెండోది డేవిడ్‌సన్ ద్రావణం. లీటరులో 95 శాతం ఆల్కహాలు 330 మిల్లీలీటర్లు, ఫార్మలిన్ 220, గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం 115, మిగతాది నీళ్లు. మామూలు మైక్రోస్కోపు కింద కణజాలం చూసే హిస్టాలజీకి రొయ్యల పనిలో దీన్ని మించింది లేదు. మా పనికి మాత్రం కొరగాదు, ఆ ఆమ్లమూ ఆల్కహాలూ కలిసి పొరల్లోని కొవ్వును లాగేస్తాయి కాబట్టి. పీసీఆర్ కోసం ఆల్కహాలులో వేసిన ముక్కదీ అదే గతి. అంగడి ఫార్మలిన్‌లో మిథనాల్ కలిసి ఉంటుంది, పైగా అది ప్రోటీన్లను గట్టిగా బిగించలేదు. వేరే దిక్కు లేనప్పుడు ఏదో ఒక రూపు చూడటానికి పనికొస్తుంది, అంతే.

ఇంకొకటి ఉంది, ఇది మన ప్రాంతానికే ప్రత్యేకం అనిపిస్తుంది. చెరువులో చల్లే శానిటైజర్ డబ్బా మీద గ్లుటరాల్డిహైడ్ అని రాసి ఉంటుంది కదా, అందులో వేస్తే పోలేదా అని కొందరు టెక్నీషియన్లు అడుగుతారు. వద్దు. చాలా శానిటైజర్లలో దానితోపాటు బీకేసీ (బెంజాల్కోనియం క్లోరైడ్) ఉంటుంది. బీకేసీ సబ్బు జాతి రసాయనం, కణపొరను చీల్చడమే దాని పని. బాక్టీరియాను చంపేది కూడా ఆ గుణంతోనే. పొరను చూడాలని వచ్చిన మనం పొరను కరిగించే ద్రావణంలో ముక్కను వేసినట్టవుతుంది. కావలసింది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ కోసమే శుద్ధిచేసి అమ్మే 25 శాతం గ్లుటరాల్డిహైడ్. నీళ్లలా తేటగా ఉండాలి. పసుపు తిరిగిందంటే అణువులు ఒకదానికొకటి ముడిపడిపోయినట్టు, పారేయాల్సిందే.

ముక్కను ఫిక్స్ చేసే ద్రావణం, అంటే ఫిక్సేటివ్, 100 మిల్లీలీటర్లకు పాళ్లు ఇవి. 25 శాతం గ్లుటరాల్డిహైడ్ 10 మిల్లీలీటర్లు, పీహెచ్ మారకుండా చూసే 0.2 మోలార్ సోడియం కాకొడిలేట్ బఫర్ 50 మిల్లీలీటర్లు, సుక్రోజ్ 10 గ్రాములు, తక్కినది డిస్టిల్డ్ వాటర్. పీహెచ్ 7.2 నుంచి 7.4 మధ్య ఉండాలి. సుక్రోజ్ దేనికంటే, మనిషి రక్తం గాఢత 290 మిల్లీఆస్మోల్స్ దగ్గర ఉంటే ఉప్పునీటి రొయ్య రక్తానిది 600 పైమాటే. ఆసుపత్రిలో కిడ్నీ ముక్కకు వాడే ద్రావణాన్ని ఉన్నదున్నట్టు రొయ్యకు వాడితే పల్చనైపోయి, కణాలు ఫిక్స్ అవుతూనే ఉబ్బుతాయి. ఆ ఉబ్బును కూడా రోగం ఖాతాలోనే రాస్తారు. బోరునీళ్లతో తక్కువ ఉప్పులో పెంచే చెరువులైతే సుక్రోజ్ 8 గ్రాములకు దించొచ్చు. కాకొడిలేట్‌లో ఆర్సెనిక్ ఉంది, గ్లవ్స్ లేకుండా ముట్టకూడదు. దానికి భయపడి ఫాస్ఫేట్ బఫర్ వాడేవారు రొయ్య ఒంటి మీది చెరువు నీళ్లు అందులో పడకుండా చూసుకోవాలి. ఉప్పునీటిలోని కాల్షియం ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లని పొడిగా దిగుతుంది, ఫొటోలో అది నల్లని గరుకై కూర్చుంటుంది.

గట్టు మీద పని ఇలా. బతికున్న రొయ్యే కావాలి, నీరసపడినదైనా పర్లేదు. చెరువు నీళ్లలో ఐసు వేసి ఒక్క నిమిషం ముంచితే కదలదు. కళ్లకు అద్దాలు పెట్టుకుని, సన్నసూది సిరంజితో పావు మిల్లీలీటరు ఫిక్సేటివ్‌ను తలచిప్ప పక్కనుంచి నేరుగా లివర్‌లోకి ఎక్కించాలి. అద్దాలు ఊరికే చెప్పలేదు, చిప్ప సందులోంచి ద్రావణం ఎదురు చిమ్ముతుంది. వెంటనే చిప్ప ఒలిచి, లివర్‌ను శుభ్రమైన ప్లాస్టిక్ షీటు మీది ఫిక్సేటివ్ చుక్కలోకి దించాలి. కొత్త గడ్డం బ్లేళ్లు రెండు తీసుకుని, వాటి మీది నూనెను అసిటోన్‌తో తుడిచి, ఒకదాన్ని ఇటూ ఒకదాన్ని అటూ లాగుతూ కోయాలి. ఒక్క బ్లేడుతో పైనుంచి నొక్కితే కణాలు నలిగిపోతాయి. ముక్క ఒక మిల్లీమీటరు దాటకూడదు. ఇక్కడే అందరూ పొరపాటు చేస్తారు. పెద్ద ముక్క పంపితే ఎక్కువ సమాచారం వస్తుందనుకుంటారు. గ్లుటరాల్డిహైడ్ మొదటి గంటలో అర మిల్లీమీటరు కూడా సరిగా లోపలికి పోదు, శనగగింజంత ముక్కలో మధ్యభాగం కుళ్లిన తర్వాత గానీ దానికి ద్రావణం అందదు. కోసిన ముక్కలను పుల్లతోనో సన్నని బ్రష్‌తోనో ఎత్తాలి, ఫోర్సెప్స్‌తో నొక్కిపట్టకూడదు. ఐదారు ముక్కలకు 5 మిల్లీలీటర్ల ద్రావణం. వల నుంచి సీసాలోకి రెండు నిమిషాలు దాటకపోతే మంచిది.

సీసాలను ఐసు మధ్య పెట్టాలి కానీ ఐసుకు తగలకుండా గుడ్డ చుట్టాలి. 4 డిగ్రీలు కావాలి, గడ్డకట్టకూడదు. లేబుల్ పెన్సిల్‌తో రాసిన కాగితం ముక్క, సీసా లోపలే వేయాలి. పెన్ను సిరా తర్వాత ఆల్కహాలులో కరిగిపోతుంది. దాని మీద చెరువు గుర్తు, ఉప్పు శాతం, నీటి వేడి, రొయ్య బరువు, గుల్ల విడిచి ఎంతసేపైంది, చివరి మేత ఎప్పుడు వేశారు అన్నవి ఉండాలి. చివరి రెండూ ఎవరూ రాయరు. మేత తినని రొయ్య ఆర్ కణాల్లో కొవ్వు బొట్లు తరిగిపోతాయి, గుల్ల విడిచే దశను బట్టి కూడా లివర్ రూపు మారుతుంది. ఈ వివరం లేనప్పుడు పస్తున్న రొయ్యకూ జబ్బు రొయ్యకూ తేడా చెప్పడం కష్టం. మర్నాటికి ముక్కలను సుక్రోజ్ కలిపిన బఫర్‌లోకి మార్చి ఫ్రిజ్‌లో పెడితే వారం పది రోజులు ఢోకా లేదు. కాబట్టి ల్యాబు చెన్నైలో ఉందా హైదరాబాద్‌లో ఉందా అన్నది ఇక పట్టింపు కాదు.

ల్యాబులో జరిగేది క్లుప్తంగా చెబుతాం. ఒక శాతం ఆస్మియంలో గంట నుంచి రెండు గంటలు, పొరల్లోని కొవ్వును పట్టి ఉంచేదీ వాటికి నలుపు ఇచ్చేదీ అదే. తర్వాత 30 శాతం నుంచి 100 దాకా మెట్టుమెట్టుగా ఆల్కహాలు, ప్రొపిలీన్ ఆక్సైడ్, ఆపైన ఎపాక్సీ రెజిన్, 60 డిగ్రీల ఓవెన్‌లో రెండు రోజులు. అప్పుడు ముక్క ఉన్న బ్లాకు రాయిలా గట్టిపడుతుంది. మన తీరంలో ఇక్కడ ఒక చిక్కుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమలో, మూత తీసిన 100 శాతం ఆల్కహాలు 100 శాతంగా ఉండదు. గాలిలోని నీళ్లు లాక్కుంటుంది. ఆ కాస్త నీరు ముక్కలో మిగిలితే రెజిన్ లోపలికి దిగదు. బ్లాకు పైకి బాగానే కనిపిస్తుంది, కోసేటప్పుడు ముక్క ఉన్న చోట తూటు పడి సెక్షన్, అంటే కోసిన పల్చని పొర, చిరుగుతుంది. ఆఖరి మార్పుకు ఎప్పటికప్పుడు కొత్త సీసా తెరవడం, లేదంటే నీటిని పీల్చే మాలిక్యులర్ సీవ్ గుళికలు వేసిన ఆల్కహాలు వాడటం ఒక్కటే దారి.

కోయడం మాత్రం చేతి విద్య. అల్ట్రామైక్రోటోమ్‌లో గాజు కత్తో వజ్రం కత్తో బిగించి 60 నుంచి 90 నానోమీటర్ల మందాన తీస్తారు. అంత పల్చని దాన్ని కొలిచేది రంగును బట్టే. నీళ్ల మీద తేలే సెక్షన్ వెండిరంగులో మెరిస్తే సరైన మందం, బంగారు రంగు వస్తే లావు, ఊదారంగైతే పారేయడమే. కత్తి అంచుకు సమాంతరంగా అలల్లాంటి చారలు పడితే అదురు వల్ల, లేదా బ్లాకు మెత్తబడటం వల్ల. కోసిన దిశలో నిలువు గీతలు వస్తే కత్తికి నొక్కు పడింది. కోసేటప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపాలి, ఏసీ గాలి నేరుగా తగలకూడదు. ఆ తర్వాత జల్లెడలా ఉండే 3 మిల్లీమీటర్ల రాగి గ్రిడ్ మీదికెత్తి యురేనైల్ అసిటేట్, లెడ్ సిట్రేట్‌లతో రంగు పట్టిస్తారు. లెడ్ సిట్రేట్ దగ్గర మాట్లాడకూడదు. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే లెడ్ కార్బనేట్ నల్లచుక్కలై సెక్షన్ మీద పడుతుంది. చుట్టూ సోడియం హైడ్రాక్సైడ్ గుళికలు పెట్టేది అందుకే. తెలియనివాళ్లు ఆ చుక్కలను వైరస్ అనుకున్న సందర్భాలూ లేకపోలేదు. వైరస్ చుక్కలకు ఒకే కొలత ఉంటుంది, లెడ్ చుక్కలు తలో సైజులో ఉంటాయి.

ఏ జబ్బుకు ఏ ముక్క తీయాలో తెలియకపోవడం వల్ల పోయే శాంపిళ్లు కూడా తక్కువేం కాదు. 1990ల మధ్యలో మన తీరాన్ని తుడిచిపెట్టిన వైట్ స్పాట్ వైరస్ 80 నుంచి 120 నానోమీటర్ల మందం, 250 నుంచి 380 నానోమీటర్ల పొడవు ఉంటుంది. ఉబ్బిన కేంద్రకం నిండా కనిపిస్తుంది. అయితే అది లివర్ గొట్టాల కణాల్లో పెరగదు. మొప్పలు, చిప్ప కింది చర్మపు పొర, జీర్ణాశయం గోడ దాని స్థావరాలు. వైట్ స్పాట్ అనుమానంతో లివర్ ఒక్కటే పంపితే ‘వైరస్ కనిపించలేదు’ అన్న రిపోర్టు రావడంలో వింతేముంది? ఈహెచ్‌పీ దీనికి సరిగ్గా ఎదురు. మైక్రోస్పోరిడియా అనే పరాన్నజీవుల జాతికి చెందిన క్రిమి ఇది. అది ఉండేది లివర్ గొట్టాల కణాల్లోనే, కేంద్రకం బయట సైటోప్లాజంలో. 2009లో థాయిలాండ్ టైగర్ రొయ్య నుంచి దీన్ని వర్ణించి పేరు పెట్టారు. దాని స్పోరు (బీజకణం) 1.1 మైక్రాన్ల పొడవు, 0.7 మైక్రాన్ల వెడల్పు. అంటే మామూలు మైక్రోస్కోపులో ఆయిల్ లెన్సు కింద చిన్న గింజలా కనిపిస్తుంది కానీ అది ఈహెచ్‌పీయేనా మరేదైనా రేణువా అన్నది తేలదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో స్పోరు లోపల ఐదారు చుట్లు చుట్టుకున్న పోలార్ ఫిలమెంట్ అడ్డకోతలో పడి, గోడ పక్కన వరసగా చిన్న వలయాలై కనిపిస్తుంది. రొయ్య కణంలోకి తన సరుకును ఎక్కించే గొట్టం అదే. వలయాలు కనిపించాక అది మైక్రోస్పోరిడియా జాతిదే అనడంలో వాదన ఉండదు.

అలాగని ప్రతి చెరువుకూ ఈ పరీక్ష అక్కర్లేదు. ఈహెచ్‌పీ, వైట్ స్పాట్ ఉన్నదీ లేనిదీ పీసీఆర్ కొన్ని గంటల్లో చెబుతుంది. మా పద్ధతిలో వారం పడుతుంది, అదీ ఏ అవాంతరం లేకుంటే. పైగా ఒక సెక్షన్‌లో కనిపించేది లివర్‌లో లెక్కకు రానంత చిన్న భాగం. అందులో క్రిమి కనిపించలేదంటే రొయ్యలో లేదని అర్థం కాదు. పీసీఆర్ అన్నీ నెగెటివ్ వచ్చి కూడా చెరువు చస్తున్నప్పుడు, ఎవరూ పేరు పెట్టని క్రిమి ఏదో ఉందన్న అనుమానం కలిగినప్పుడు దీని అవసరం వస్తుంది. సీజన్లో అలాంటి చెరువులు ఎన్ని ఉంటాయి? వాటి కోసం జిల్లాకో మెషీన్ కొని, 24 గంటలూ నిలకడైన కరెంటు, చల్లని నీటి సరఫరా, అదురులేని నేల, ఏటా సర్వీసు కాంట్రాక్టు ఇచ్చి, కోసే చెయ్యి లేక మూలన పడేయడం మాకు సబబుగా తోచదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు ఉన్నాయి. ఢిల్లీ ఎయిమ్స్‌లో బయటివారి శాంపిళ్లు కూడా చూసే కేంద్రమే ఉంది.

పొగాకు సంగతి వేరు. కొండపి, కందుకూరు రైతులు కూడా ఇదే డిమాండ్‌లో గొంతు కలుపుతున్నారు కాబట్టి చెబుతున్నాం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో తొలినాళ్లలోనే కనిపించిన వైరస్‌లలో పొగాకు మొజాయిక్ వైరస్ ఒకటి, 1939లో. 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల మందం ఉన్న నిటారు కడ్డీ. దీనికి ఫిక్స్ చేయడం, రెజిన్, కోత ఏవీ అక్కర్లేదు. ఆకు కోసిన అంచును గ్రిడ్ మీది 2 శాతం ఫాస్ఫోటంగ్‌స్టిక్ ఆమ్లం చుక్కలో ఒక నిమిషం తాకించి, చుక్కను ఫిల్టర్ పేపరుతో పీల్చేసి ఆరబెడితే చాలు. ఎండిన ఆకులో కూడా ఆ కడ్డీలు చెదరవు. కవర్లో పెట్టి పోస్టు చేసినా పని జరుగుతుంది.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఇలాంటి ఫొటోలు వేసేటప్పుడు మూలన ఉండే స్కేలు గీతను కత్తిరించకండి. ‘20 వేల రెట్లు’ అన్న అంకె ఫొటోను కాలమ్ వెడల్పుకు కుదించగానే అబద్ధమైపోతుంది. గీత మాత్రం ఫొటోతోపాటే కుదించుకుని నిజమే చెబుతుంది. ఎరుపు, ఆకుపచ్చ రంగులు కంప్యూటర్లో అద్దినవి. ఎలక్ట్రాన్లు రంగు చూపవు, అసలు బొమ్మ నలుపు తెలుపే. కింద ‘రంగులు అద్దినవి’ అని ఒక్క మాట వేస్తే చాలు. ‘బతికున్న కణం’ అని మాత్రం రాయవద్దు. శూన్యంలోకి వెళ్లిన ఆ ముక్క అప్పటికే ప్లాస్టిక్‌లో పోతపోసినది.

అధికారులను మేము అడిగేది చిన్నది. తీర మండలాల్లో ఇప్పటికే నడుస్తున్న ఆక్వా ల్యాబుల్లో ఒక్కోదానికి ఒక డబ్బా ఇప్పించండి. అందులో ఫిక్సేటివ్ నింపిన 5 మిల్లీలీటర్ల గాజు సీసాలు 20, బఫర్ సీసా ఒకటి, బ్లేళ్ల పొట్లం, అసిటోన్, సిరంజిలు, కళ్లద్దాలు, నైట్రైల్ గ్లవ్స్, పెన్సిలు, వాడేసిన ద్రావణం పోయడానికి మూత గట్టిగా పడే డబ్బా ఉంటే సరిపోతుంది. ఆ ద్రావణాన్ని చెరువులోనో కాలువలోనో పారబోయనివ్వకూడదు. ల్యాబుకో టెక్నీషియన్‌కు రెండు రోజుల శిక్షణ ఇవ్వాలి, మొదటి రోజంతా మిల్లీమీటరు ముక్క కోయడమే. ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది కాబట్టి శిక్షణకు దూరం పోనక్కర్లేదు. కలిపిన ఫిక్సేటివ్‌ను ఫ్రిజ్‌లో రెండు వారాలకు మించి నమ్మవద్దు. కలిపిన తేదీ సీసా మీద ఉండాలి, గడువు దాటినవి వెనక్కి తీసుకుని కొత్తవి ఇచ్చే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి ఎవరన్నది డబ్బాలు పంచకముందే తేల్చాలి.

ఇట్లు,
ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ పనిలో ఉన్న కొందరు సాంకేతిక ఉద్యోగులు,
నెల్లూరు